ఆఖరి పోగు

నా పైవరస ముందుపన్ను ఒకటి పెట్టుడు పన్ను. అసలు పన్ను ఊడగొట్టినాయన మొన్న బేస్తవారం సచ్చిపోయినాడు. ముద్దనూరు దావలో బూడిద లారీని పక్కకు తీసి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, స్టీరింగు మీద తల పెట్టినాడంట. అంతే. బతికినన్నాళ్ళూ కనపడినోన్నల్లా కొట్టిన మనిషి, పొయ్యేటప్పుడు మాత్రం దావన పోయే కోడిపిల్లకు కూడా దెబ్బ తగలకుండా పోయినాడు.

సంగతి వినంగానే మా ఇంటామె "పీడ వదిలింది" అనింది. ఆమె కోపం ఆమెది, పన్ను పోయిన పొద్దు నా నోరు కడిగింది ఆమే. నాకు మాత్రం ఆ పొద్దు అన్నం దిగలా. నాలిక మాటిమాటికీ ఆ పెట్టుడు పన్ను మీదికే పోతాండె.

ఆయన పేరు చెప్పను. జమ్మలమడుగులో ఆయన్ను పేరు పెట్టి పిల్చినోళ్ళు కూడా తక్కువే. అందరికీ పోగులాయన. నేను మామా అంటాంటి. ఆయన నన్ను శెట్టీ అంటాండె. నాది బజార్లో గుడ్డలంగడి. ఆయన థర్మల్ కరెంటు ప్లాంటు కాడ్నించి సిమెంటు ఫ్యాక్టరీలకు బూడిద తోలే లారీ డ్రైవరు. పొద్దున్నే వచ్చినా, సందకాడ వచ్చినా కనుబొమలు తెల్లగా ఉంటాండె. శానామంది అది ముసలితనం అనుకునేటోళ్ళు. మొగం కడిగితే నల్లబొమలు బయటపడతాండె.

ఆయన చెయ్యి గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేం. చాటంత అరచెయ్యి. కొట్టబొయ్యే ముందు దాన్ని ప్యాంటుకు రుద్దుకుంటాండె, బూడిద పోవల్లని. అది చూసినోడు పరిగెత్తల్ల. చూడనోడి కర్మ. ఒకటి పీకినాక, "రెండో చెంప తిప్పు. వాక్యం అదే గదా చెప్పేది" అంటాండె. వాళ్ళది తాతల కాలం నుంచీ మిషన్ పేట కుటుంబం, ఆదివారం చర్చిలో ముందు బెంచీ. ఒకసారి పాస్టరయ్య ఆపి చెప్పినాడు, "అది దెబ్బ తిన్నోడు తనంతట తాను తిప్పాల్సింది నాయనా, కొట్టినోడు అడిగేది కాదు."

"వాండ్లంతట వాండ్లు యాడ తిప్పుతారయ్యా? గుర్తు చేస్తాండా" అన్నాడు ఈయన.

ఇట్లాంటి మనిషి దగ్గరికి న్యాయానికి పోతారా ఎవురన్నా? పోతాండ్రి. అదే విచిత్రం.

మా అంగడికి ఎదురుగ్గా మిషన్‌వాళ్ళ ఖాళీ జాగా. క్రిస్మస్ ముందురోజు పేట జనమంతా కలిసి పొట్టేళ్ళు తెచ్చి ఆడ కోస్తాండ్రి. మేము మాంసం ముట్టేటోళ్ళం కాదు. ముక్కుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకొని అంగట్లో కూచొని చూసేటోన్ని. చూడకుండా ఉండొచ్చు గదా అంటే, ఆ పంచేది అంత బాగుంటాండె. పట్ట పరిచి ఈయనే పోగులేస్తాడు. తొడముక్క, ఎముక, కొవ్వు, కార్జం తునక, అన్నీ అన్ని పోగుల్లోనూ పడల్ల. ఒక పోగు బలిసినట్ల కనపడితే దాంట్లోనుంచి ఒక ముక్క తీసి చిక్కిన దాంట్లో వేస్తాడు. అంతా అయినాక పట్టకు వీపు తిప్పి నిలబడతాడు. ఇంగొకడు పోగు మీద కట్టె పెట్టి "ఇదెవురికి?" అంటాడు. ఈయన వెనక్కు చూడకుండా ఒక పేరు చెప్తాడు. ఆ పోగు వానిది. దాంట్లో ఎముకలే ఉన్నా వానిదే, కార్జమంతా ఉన్నా వానిదే. పోగులేసినోడు మాత్రం ఆఖరి పోగు తీసుకోవల్ల. ఎవురూ తీసుకోంగా మిగిలింది ఆయనది. "కత్తి చేతిలో ఉన్నోడు ముందు తిన్న్యాడంటే ఇంగ ఊర్లో ఎవురికీ కూడు పుట్టదు శెట్టీ" అంటాండె.

ఇంగ ఫుట్‌బాల్ సంగతి. మా ఊర్లో దొరల కాలంలోనే మిషన్ గ్రౌండులో బంతి మొదలైంది. దొరలు పోయినారు, బంతి పోలా. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, ఈ మూడూర్ల పిల్లోళ్ళకు ఏటా పోటీ జరుగుతాండె. కోస్తా నుంచి వచ్చిన బ్యాంకాయన ఒకడు "ఇక్కడ ఫుట్‌బాలా?" అని నవ్వితే, రాప్పా అని ఒక మ్యాచికి పిల్చుకపోయినా. రెండో గోలు పడకముందే కుర్చీ నెత్తిన పెట్టుకొని గోడ దూకినాడు. మళ్ళ నాతో ఫుట్‌బాల్ మాటెత్తలా.

ఒక ఏడు ప్రొద్దుటూర్లో మావాళ్ళూ వాళ్ళూ రాళ్ళతో, సోడాసీసాలతో కొట్టుకున్న్యారు. తలకాయలు పగిలినాయి. ఒకని దవడ ఎముక ఇరిగి మూణ్ణెల్లు జావే తాగినాడు. ఆ దెబ్బకు పోలీసోళ్ళు ఒక కట్టడి పెట్టినారు. బయటూరోళ్ళకు గ్రౌండులో ఒక మూల ఇనప జాలీ కడతారు. ఆ మూలలో పట్టేంతమందికే టికెట్లు, సీలేసి ఇస్తారు. టికెట్ లేనోడు గేటు దాటకూడదు. మాకొచ్చేది పిడికెడు టికెట్లు. పోవల్లనేటోళ్ళు దానికి ఐదారింతలు.

పంచేది ఎట్ల? మొదటేడు నాకిచ్చినారు, అంగడోడు గదా, లెక్కగా ఉంటాడని. ముందొచ్చినోనికి ముందు అంటి. పొద్దున పోయి చూస్తే నా అంగడి షట్టరు వొంగిపోయింది, మెట్ల మీద నెత్తురు, ఒకడు ఇంగొకని చెవి కొరికినాడు. రెండో ఏడు కమిటీ వేసినారు. కమిటీలో ఒక్కొక్కనికి నలుగురు బామ్మర్దులు. టికెట్లన్నీ బామ్మర్దులకే పోయినాయి. జనం కమిటీ పెద్దను గోల్‌పోస్టుకు కట్టేసి కొట్టినారు. మూడో ఏడు ఎవుడో తెలివైనోడు, "పోయినసారి ఆడ దెబ్బ తిన్నోనికి ముందు ఇద్దాం, ఊరికోసరం నెత్తురు కార్చినాడు గదా" అన్నాడు. అందరికీ బాగుంది అనిపిచ్చింది. పంచే పొద్దు ఒకడు పచ్చి నెత్తురు కారతా వచ్చినాడు. పోయినేడు దెబ్బ ఈయేడు కారతాందేందిరా అని నిలేస్తే తేలింది. ముందురోజు ఇంటెనకాల ఇటిక తీసుకొని వాని నెత్తి వాడే పగలగొట్టుకున్న్యాడు. కుట్లేసిన డాక్టరుకు ఫుట్‌బాల్ దెబ్బ అని చెప్పినాడంట. అబద్ధం కూడా కాదు.

అప్పుడు వచ్చినాడు పోగులాయన. వాళ్ళ కొడుకు మా టీమ్ గోల్‌కీపరు.

"మనిషికొక చెప్పు తీసి వరసగా పెట్టండి" అన్నాడు. "ఒకటే. రెండోది కాల్లోనే ఉండల్ల."

ఎందుకు మామా అంటే, "ఒంటిచెప్పుతో ఎవుడూ కొట్లాటకు దిగడు, దిగినా ఎక్కువసేపు పరిగెత్తలేడు" అన్నాడు.

గ్రౌండు పొడుగునా చెప్పుల వరస. ఆయన గోడకు మొగం పెట్టి నిలబడతాడు. ఒకడు కట్టెతో ఒక్కొక్క చెప్పునూ ముట్టి "ఇది?" అంటాడు. ఆయన వెనక్కు చూడకుండా "పోతాది" అనో "ఉంటాది" అనో అంటాడు. పోతాది అంటే ఆ చెప్పు వానికి టికెట్. ఉంటాది అంటే వాడు ఊర్లోనే ఉంటాడు. వరస ఆఖర్న ఆయన చెప్పు. మాంసానికి ఏ కట్టడో టికెట్‌కూ అదే. ఆయన లెక్క మనసులోనే పెట్టుకుంటాండె. ఆయన చెప్పు దాకా వచ్చేసరికి టికెట్ ఒక్కటీ మిగలకుండా చూసుకుంటాండె.

మొదటేడే ఒకడు మూడు చెప్పులు పెట్టినాడు. ఒకటి వానిది, ఒకటి వాళ్ళ నాయనది, ఒకటి యాడనో ఎత్తుకొచ్చింది. పోగులాయన వరసలో చెప్పులు, నిలబడిన మనుషులు లెక్క చూసినాడు. పొంతన కుదర్లా. అరచెయ్యి ప్యాంటుకు రుద్దుకున్న్యాడు. వాడు అది చూడలా పాపం. ఆ మూడు చెప్పులతోనే, ఒక్కొక్కటి తెగేదాకా కొట్టినాడు. మూడు తెగినాక "ఇంగ యాడికి పోతావులే, కాళ్ళకు ల్యాకపాయె" అని వదిలిపెట్టినాడు. వానికి ఆ పొద్దునుంచీ మూడుచెప్పులోడనే పేరు పడిపోయింది.

కట్టె పట్టుకొని అడిగేటోడు ఇంగొకడు మోసం చేసినాడు. వాళ్ళ అన్న చెప్పు కాడికి వచ్చేసరికి గొంతు సాగదీసినాడు, "ఇ...ది?" అని. పోగులాయన గోడనుంచి మొగం తిప్పకుండానే "గొంతు మారింది. మొదట్నుంచి" అన్నాడు. తర్వాత తిరిగి వాన్ని గోడకేసి కొట్టినాడు. వాని ముక్కు ఇప్పటికీ ఎడమపక్కకే ఉండాది.

"కట్టె పట్టేదానికి శెట్టిని పిల్చుకరాండి" అన్నాడు. "మాంసం తినేటోడు కాదు. పోగు చూసి నోరూరదు."

నాకెందుకు రా నాయనా ఈ సావు అనుకుంటానే పోయినా. ఫుట్‌బాల్ అంటే నాకుండే పిచ్చి అట్లాంటిది. పోయినాక తెలిసింది, అడిగేటోని చెప్పు కూడా ఆఖర్నే, ఆయన చెప్పుకు ముందు. అంటే నాకూ టికెట్ రాదు. నా తిక్క నన్ను యాడికి తీసుకపోయిందో చూడండి.

అట్ల మేమిద్దరం ఏటా బయట కూచున్న్యాం. మ్యాచి పొద్దు పెళ్ళిళ్ళకు తిప్పే పాత బస్సు ఒకటి ఆయనే తోలుకొని పోతాండె. జనం టికెట్లు చూపిచ్చి లోపలికి పోతారు. ఆయన డ్రైవరు సీట్లో, నేను పక్కన ఇంజను మీద. గోడకవతల మ్యాచి. మాకు శబ్దమే. ఆయనకు అది చాలు. జనం ఓ అని మొదలుపెట్టి సగంలో ఆపితే బంతి బయటికి పోయిందని, ఒక్క పక్కనే ఈలలు వస్తే ఫౌలని చెప్తాండె. బయటూర్లో వాళ్ళు గోల్ కొడితే గోడ అదురుతుంది. మనోడు ఆపితే ఊరంతా గమ్మునైపోతుంది. ఆ గమ్ము కోసం ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకొని కూచుంటాండె. గమ్మున కాంగానే, "పట్టినాడు" అంటాండె, నాతో కాదు, స్టీరింగుతో.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్కొక్కన్ని నిలబెట్టి అడుగుతాండె. "ఎట్ల పట్టినాడు? యా పక్కకు దుమికినాడు? చూపీ." వాడు బస్సు నడవాలో దుమికి చూపీయల్ల. ఒకడు కుడి అని, ఇంగొకడు ఎడమ అన్నాడంటే బస్సు ఆపి ఇద్దర్నీ కొడతాండె. "టికెట్ ఇచ్చి పంపిస్తే సరిగ్గా చూసొచ్చేది ల్యా?"

ఊర్లో ఆడేటప్పుడు మాత్రం గోల్ ఎనకాలే నిలబడి కొడుకును తిట్టడమే పని. "లేయ్, అవి సేతులా గొడుగు కాడలా?" కొడుకు ఒక్కసారి కూడా వెనక్కు తిరిగి చూసేటోడు కాదు. ఆ గుణం యాడ్నించి వచ్చిందో చెప్పక్కర్లేదు.

ఒకసారి ప్రొద్దుటూర్లో గోడ బయట కూచోనుండంగా ఆయన నాతో ఒక మాటన్నాడు. అంతకు ముందూ అన్లా, తర్వాతా అన్లా. "ఊర్లో ఆడేది ఆట కాదు శెట్టీ. అందరూ మనోళ్ళే, బంతి వదిలేసినా చప్పట్లు కొడతారు. వీడు బయటూర్లో, పదివేల నోళ్ళు తిడతాంటే ఎట్ల నిలబడతాడో ఒక్కసారన్నా చూడల్ల. ఒక్కసారి చూసినానంటే చాలు."

"అయితే ఒక టికెట్ తీసుకో మామా. ఎవుడు అడుగుతాడు నిన్ను?"

నా తట్టు తిరిగి చూసినాడు. చెయ్యి ప్యాంటు మీద ఉండె. నేను బస్సు దిగి నిలబడినా.

కొడుక్కు పోలీసు ఉద్యోగం వచ్చింది, కానిస్టేబులు. ట్రైనింగుకు పొయ్యే ముందు ఆఖరి మ్యాచి పులివెందుల్లో, ఫైనలు. ఇంగ వాడు ఆడేది ల్యా. పోగులాయన చూడల్లంటే అదొక్కటే దినం.

ఊరందరికీ ఆ సంగతి తెలుసు. టికెట్లు పంచే పొద్దు గ్రౌండుకు జనం ఎప్పటికంటే ఎక్కువే వచ్చినారు. చెప్పులు పరిచినారు. పోగులాయన గోడకు మొగం పెట్టి నిలబడినాడు. నేను కట్టె తీసుకొని మొదలుపెట్టినా. ఇది? ఉంటాది. ఇది? పోతాది. సగం దాకా వచ్చినా. అప్పుడు మూడుచెప్పులోడు, ఈయన చేతిలో అంత దెబ్బ తిన్నోడు, సప్పుడు చేయకుండా వరస ఆఖరికి పోయి, పోగులాయన చెప్పు ఎత్తుకొచ్చి, నా కట్టె ముందర పెట్టినాడు. ఒక్కడంటే ఒక్కడు కూడా వద్దన్లా. టికెట్ కోసం చెవులు కొరుక్కునే జనం. అందరూ నా మొగమే చూస్తాండారు.

నేను గొంతు మార్చలా. దేవుని మీద ఒట్టు. ఎప్పుడు అడిగినట్లే అడిగినా.

"ఇది?"

"పోతాది."

గ్రౌండంతా ఈలలు. ఒకడు చొక్కా విప్పి ఎగరేసినాడు. ఏం జరిగిందో అని ఆయన వెనక్కు తిరిగినాడు. నా కట్టె కింద చెప్పు చూసినాడు. బొమల మీద బూడిద, దాని కింద కండ్లు ఎర్రగైనాయి. ఈసారి చెయ్యి ప్యాంటుకు రుద్దుకోలా. రుద్దుకొనుంటే నేను పరిగెత్తేటోన్ని గదా! పిడికిలితో మూతి మీద గుద్దినాడు. కింద పడినా. నోట్లో ఉప్పగా నెత్తురు, నాలిక మీద గులకరాయి మాదిరి పన్ను.

ఇంగ జనం మీద పడినాడు. ఎవుడు దొరికితే వాన్ని. వాళ్ళు ఊరుకుంటారా? మేము నీ మంచి కోరితే మమ్మల్నే కొడతావా అని వాళ్ళూ కొట్టినారు. ఆయన చొక్కా పీలికలైపోయింది. పెదవి చీలింది. మోకాళ్ళ మీద పడి మళ్ళ లేసినాడు. ఆఖరికి మూడుచెప్పులోడే ఎనకనుంచి గట్టిగా కరుచుకొని పట్టుకున్న్యాడు.

"మామా! అందరం ఒప్పుకున్న్యాం. ఒక్కడన్నా వద్దన్లా. ఏం తప్పు?"

"ఈ పొద్దు నా కొడుకు కోసరం చెప్పు జరిపినారు" అన్నాడు ఆయాసపడతా. "రేపు ఇంగొకని కొడుకు కోసరం జరుపుతారు. ఎల్లుండి ఎవుని చెప్పు యాడుండాదో ఎవునికి తెలుస్తాది? మళ్ళ ఇటికలు తీసుకొని నెత్తులు పగలగొట్టుకోండి పోండి."

ఆయన చెప్పు తీసుకపోయి వరస ఆఖర్న పెట్టినాడు. గోడ కాడికి పోయి మొగం తిప్పుకున్న్యాడు. "మొదట్నుంచి" అన్నాడు. నేను నోట్లో తుండుగుడ్డ కుక్కుకొని, కట్టె పట్టుకొని, మొదట్నుంచి అడిగినా. "ఇది?" అనేది నోట్లోంచి సరిగ్గా రాకుండె, పన్ను పోయింది గదా. ఆయన మాత్రం ఎప్పట్లానే చెప్పినాడు. ఆయన చెప్పు దాకా వచ్చేసరికి టికెట్లు అయిపోయినాయి.

నాకు కోపం లేదా? ఇప్పటికీ ఉండాది.

పులివెందులకు అదే బస్సు. పోవద్దనింది మా ఇంటామె. మూతి బుడ్డలాగా వాచి ఉండంగానే పోయినా. ఆయన బస్సు తోలతా నా తట్టు చూడలా. సగం దావలో ఒక ఐసుగడ్డ కొని గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పడేసినాడు. అంతే క్షమాపణ.

మ్యాచి మొదలైంది. గోడ అదిరింది ఒకసారి. తర్వాత మావాళ్ళు ఉండే మూలనుంచి అరుపు వచ్చింది, చెరొక గోలు, లెక్క సరిపోయింది. ఇంగ శానాసేపు ఏం ల్యా. చివర్లో ఈలలు, తిట్లు, ఆ తర్వాత ఒక రకమైన గుసగుస. "పెనాల్టీ, వాళ్ళకి" అన్నాడు ఆయన. స్టీరింగు మీద చేతులు తెల్లగైపోయినాయి.

ఊరంతా గమ్మునైపోయింది.

"పట్టినాడు" అన్నాడు. కండ్లలో నీళ్ళు. తుడుచుకోలా.

ఆ గమ్ము శానాసేపు ఉండలా. మొదటి రాయి ఇనప జాలీకి తగిలిన సప్పుడు మాకు ఇనపడింది. తర్వాత లెక్కలేనన్ని. అరుపులు, లాఠీలు, కుర్చీలు ఇరిగే సప్పుడు. మావాళ్ళు మూలలో జాలీ లోపల ఇరుక్కొని ఉండారు, అదే పోలీసులు కట్టిన జాలీ. గేటు లోపల్నించి జనం తోసి తోసి పడిపోయింది. ఇంగ గేటే ల్యా, టికెట్ చూసేటోడూ ల్యా.

పోగులాయన జాకీ రాడ్డు తీసుకొని దూకినాడు. నేను దిగల్లనుకోలా, కాళ్ళే దిగినాయి. గేటు పడినకాడ ఆయన నిలబడినాడు. లోపలినుంచి వచ్చే మావాళ్ళను ఒక్కొక్కన్ని చొక్కా పట్టుకొని బయటికి లాగి బస్సు తట్టు తోస్తాండాడు. రాడ్డుతో అడ్డమొచ్చినోన్ని కొడతాండాడు. ఒకని మోచెయ్యి ఇరిగిన సప్పుడు నేను ఇన్న్యా. మూడుచెప్పులోడు నెత్తి పగిలి నెత్తుట్లో మునిగి వచ్చినాడు. ఇంతా చేస్తా ఈయన, గ్రౌండుకు వీపు పెట్టి నిలబడి ఉండాడు. చెయ్యి మాత్రమే ఎనక్కి పోతాది, చేతికందినోన్ని లాగుతాది.

లోపలికి చూసినా. దూరంగా, గోల్‌పోస్టు కింద వాళ్ళ కొడుకు. రాళ్ళు పడతాండాయి చుట్టూ. వాడు బంతిని కడుపుకు కరుచుకొని అట్లే నిలబడి ఉండాడు. మ్యాచి ఐపోయిందని ఎవురూ ఊదలేదు గదా, గోల్ వదిలిపెట్టడంట.

"మామా!" అని అరిచినా. "తిరుగు! నీ కొడుకు ఆడనే ఉండాడు! గోల్ కాడనే! ఒక్కసారి తిరిగి చూడు!"

"టికెట్ ల్యా" అన్నాడు.

"గేటే ల్యా గదప్పా, ఇంగ టికెట్ యాడిది?"

"బస్సులో ఉండేటోళ్ళు అందరూ ఉండారా, లెక్క చూడు పో."

వీపు లోపలి తట్టు పెట్టినాడు కాబట్టి రాయి వచ్చేది చూసుకోలా. ఎడమ చెవెనకాల తగిలింది. కింద కూలబడినాడు. అప్పుడు కూడా మొగం బయటి తట్టే పడింది. నేనూ మూడుచెప్పులోడూ ఈడ్చుకొచ్చి బస్సులో వేసినాం. కొడుకును తర్వాత పోలీసోళ్ళే జీపులో తెచ్చి దింపినారు, బంతితో సహా.

ఆ పోటీ అంతటితో నిలిచిపోయింది. ఆయనకు ఆ చెవి పోయింది. అప్పట్నుంచి ఎవురన్నా మాట్లాడితే కుడిచెవి తిప్పి ఇనేటోడు. జనం చాటుగా నవ్వుకుంటాండ్రి, రెండో చెంప తిప్పేది ఇప్పుడు ఈయనకొచ్చింది అని. ఆయన ముందర మాత్రం ఎవురూ అన్లా.

శనివారం పొద్దున మట్టి చేసినారు. చర్చి నిండింది, బయట కూడా జనం. ప్రొద్దుటూరోళ్ళు వచ్చినారు, పులివెందులోళ్ళు కూడా వచ్చినారు, ఆ మోచెయ్యి ఇరిగినోడితో సహా. సమాధుల దొడ్డి చర్చికి ఎదురుగ్గానే, దావ దాటితే చాలు. పెట్టెకు పిడులు ఆరే. ప్రార్థన అయింది, పెట్టె ఎత్తల్ల.

మొదలైంది. నేను పడతానంటే నేను పడతానని. మాకోసరం దెబ్బ తిన్నాడు, మేము మొయ్యల్ల అని మావాళ్ళు. అప్పుడు కొట్టింది మేమే, మోసేది మేమే అని పులివెందులోళ్ళు. ఒకడు ఒకన్ని తోసినాడు. బెంచీ పడింది. చొక్కాలు పట్టుకున్న్యారు. మూతులు పగిలినాయి. పాస్టరయ్య చేతులెత్తి అరుస్తాండాడు, ఎవురికీ ఇనపడలా. పెట్టె ఊగింది, అంతలో కొడుకు పెట్టె మీదికి వొంగి రెండు చేతులా పట్టుకున్న్యాడు. బంతిని కరుచుకున్నట్లే.

"చెప్పులు తీయండి" అన్నాడు కొడుకు. గట్టిగా అన్లా. అయినా అందరికీ ఇనపడింది.

దావ పొడుగునా వరస పడింది. చెప్పులు, బూట్లు, కొన్ని తెగినవి. కొడుకు తన పోలీసు బూటు ఒకటి విప్పి మధ్యలో పెట్టినాడు. "నువ్వు కొడుకువి గదప్పా, నీకు వరసేంది?" అన్నారు పెద్దోళ్ళు. "మా నాయన ఊరుకుంటాడా?" అన్నాడు వాడు.

వీపు తిప్పి నిలబడేది ఎవురు? అందరూ నన్నే చూసినారు. నా చెప్పు ఆఖర్న పెట్టి, చర్చి గోడకు మొగం పెట్టినా. కట్టె మూడుచెప్పులోడు తీసుకున్న్యాడు.

ఇది? ఉంటాది. ఇది? ఉంటాది. ఇది? పోతాది. గోడకు ముక్కు తగిలేంత దగ్గర, సున్నం వాసన. నా ఎనకాల ఇన్నివందల మంది ఉండారు, నాకు ఒక్కడూ కనపడడు. ఇన్నేండ్లు ఆయనకు ఇట్లే ఉండె గదా అనుకున్న్యా.

"ఇ...ది?"

గొంతు మారింది. ఎవురి బూటో నాకు తెలిసిపోయింది. పోతాది అంటే చాలు, కొడుకు తండ్రిని మోస్తాడు, ఊరందరికీ సంతోషం. నాకు మాత్రం సంతోషం కాదా? నాలిక పైకి లేసింది. లేసి ఆ పెట్టుడు పన్నుకు తగిలింది.

తిరిగినా. మూడుచెప్పులోడు ఏడుస్తాండాడు, కట్టె బూటు మీద ఉండాది. నేను పుట్టి బుద్ధెరిగినాక ఒక మనిషి మీద చెయ్యెత్తినోన్ని కాదు. చాచి కొట్టినా. వాని తల పక్కకు తిరిగింది.

"గొంతు మారింది" అంటి. "మొదట్నుంచి."

వాడు కట్టె తీసుకొని వరస మొదటికి పోయినాడు. రెండోసారి ఎవురి గొంతూ మారలా. ఆరూ అయిపోయినాక తిరిగి చూసినా. ఆ మోచెయ్యి ఇరిగిన పులివెందులోడు ఒక పిడి పట్టుకొని ఉండాడు. కొడుకు బూటు వరసలోనే ఉండాది, నా చెప్పు కూడా. వాడు వచ్చి బూటు తొడుక్కొని, తాడు కట్టుకొని, నా పక్కన నిలబడినాడు.

"సరిగ్గానే పంచినావు మామా" అన్నాడు.

పెట్టె లేసింది. మేమిద్దరం ఎనకాల నడిచినాం. దావ దాటేటప్పుడు చూసుకున్న్యా, అరచెయ్యి పంచెకు రుద్దుకుంటా పోతాండా. మంట ఇంగా తగ్గలా.